తోటకూ తోటికీ మధ్య

మొన్న వేసవిలో మా మామ ఫోన్ చేసి, "గుంత నిండిపోయింది అల్లుడూ" అన్నాడు. నేను బెంగళూరులో ఆఫీసు కాంటీన్లో ఉన్నాను. ఏ గుంతో వెంటనే తట్టలేదు.

పుంగనూరు దగ్గర పల్లెలో మా అవ్వ ఇల్లు. ఇంటి వెనక పెరడు. కరివేపాకు చెట్టు, నాలుగు అరటి బోదెలు, గోరింటాకు, కాకర పందిరి, ఒక మూల మరుగుదొడ్డి. స్వచ్ఛభారత్ కొత్తల్లో కట్టింది. ఊళ్ళో చాలామంది మేస్త్రీ మాట విని ఒకే పెద్ద సెప్టిక్ ట్యాంకు కట్టించుకున్నారు. మా మామ మాత్రం కాగితం మీదున్న బొమ్మ ప్రకారం రెండు గుంతలు తవ్వించి సిమెంటు వరలు దింపించాడు. పర్యావరణం మీద ప్రేమతో కాదులెండి, ఖర్చు తక్కువని.

ఈ రెండు గుంతల లెక్క తేలికే. మొదట ఒక గుంతలోకే వదలాలి. అది నిండాక, మధ్యలో ఉన్న చిన్న తొట్టిలో ఆ దారి మూసేసి రెండోదానికి మళ్ళించాలి. రెండోది నిండేలోగా మొదటిదాంట్లో నీరంతా చుట్టూ నేలలోకి ఇంకిపోతుంది, మిగిలింది మట్టి అయిపోతుంది. ఆ మట్టి ఎత్తి చెట్లకు వేసుకుని మళ్ళీ మొదటి గుంతను వాడుకోవచ్చు. మా మామ మొదటి గుంత మూసి మూడేళ్ళు దాటింది. ఇప్పుడు రెండోది నిండింది. అంటే మొదటిది తెరవాల్సిన రోజు వచ్చింది.

"టౌన్లో ఒక మనిషి ఉండాడు, పిలిపిస్తా. డబ్బులు నువ్వు ఫోన్‌పే చెయ్యి" అన్నాడు.

"మూడేళ్ళయింది కదా మామా. ఇంకా మనిషెందుకు? అది మట్టే కదా."

"మట్టే. నువ్వొచ్చి ఎత్తుతావా?"

ఏదో నసిగి పెట్టేశాను. ఆ తర్వాత రెండు వారాలు, ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండటానికి కాబోలు, ఎరువు చరిత్ర చదువుతూ కూర్చున్నాను.

*

తెలుగులో ఎరువు అన్న మాటకు రెండర్థాలున్నాయి. చేనికి వేసేది ఒకటి. అడిగి తెచ్చుకున్నది, తిరిగి ఇచ్చెయ్యాల్సింది ఇంకొకటి. పెళ్ళిళ్ళకు పక్కింటి నగలు అడిగి పెట్టుకునేవాళ్ళను చూసి మా అవ్వ ఇప్పటికీ "ఎరువుల సొమ్ము బరువుల చేటు" అంటుంది. ఈ రెండు మాటల పుట్టుక ఒకటే అని నేననను, నాకు భాషాశాస్త్రం రాదు. కానీ నేల దగ్గర తెచ్చుకున్నది నేలకే ఇచ్చెయ్యడం అనుకుంటే రెండూ పక్కపక్కన బాగానే కూర్చుంటాయి. పెంట అన్న మాటా అంతే. దిబ్బ మీద మాగుతున్న పేడా చెత్తా పెంటే, మనిషిదీ పెంటే. తెలంగాణలో పొలానికి పెంట తోలుతారు. భాష ఈ రెంటినీ విడదీయలేదు.

సేద్యమూ పూర్తిగా విడదీయలేదు. మన దగ్గర పాటిమన్ను అని ఒకటుంది. ఒకప్పుడు ఊరుండి, జనం వదిలేసి వెళ్ళిన చోటును పాటిదిబ్బ అంటారు. ఆ దిబ్బ మట్టిని బండ్లకెత్తి పొలాలకు తోలేవాళ్ళు. అందులో అంత సత్తువ ఎందుకుంటుంది? తరతరాలు అక్కడ మనుషులూ గొడ్లూ బతికి, పొయ్యి బూడిదా పేడా మూత్రమూ అన్నీ అక్కడే ఇంకాయి కాబట్టి. సురేకారం తీసేవాళ్ళు కూడా ఊళ్ళ చుట్టూ ఉన్న ఇలాంటి మట్టినే వెతుక్కునేవాళ్ళు. అంటే ముత్తాతల ముత్తాతలది అయితే ఎవరికీ అభ్యంతరం లేదు. నిన్నటిదే సమస్య.

ఇక బయలుకు పోవడం. మా తాత తరమంతా చెంబు పట్టుకుని చేలగట్లకు పోయినవాళ్ళే. ఊరికి దగ్గరి కయ్యలు బాగా పండటానికి అదీ ఒక కారణమని మా మామ నవ్వుతా చెప్తాడు. కొంకిపురుగులూ ఏలికపాములూ ఊరూరా తిరగడానికి కూడా అదే కారణమని ఆయన చెప్పడు. పచ్చి మలంలో ఏలికపాము గుడ్లు నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి బతికుంటాయి. మలాన్ని ఎరువుగా వాడటమూ మాగబెట్టి వాడటమూ ఒకటి కాదు. ఈ వ్యాసమంతా ఆ మాగబెట్టడం గురించే, దాన్ని మాగబెట్టిన మనుషుల గురించే.

పుంగనూరు అంటే బయటివాళ్ళకు గుర్తొచ్చేది ఆవు. మూడడుగులైనా దాటని పొట్టి ఆవు. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన ఇంట్లో వాటికి మేత పెడుతున్న ఫోటోలు వచ్చాక ఢిల్లీ స్నేహితులు కూడా "మీ ఊరి ఆవే కదా" అని మెసేజ్‌లు పెట్టారు. ఆ ఆవు పేడతో మా అవ్వ ఇప్పటికీ కళ్ళాపి చల్లుతుంది, ఉత్త చేతులతో కలిపి. ఆ చేతులు కడుక్కుని వంటింట్లోకి పోతుంది. ఆ పేడకూ, పెరట్లో మూడేళ్ళు మాగిన మట్టికీ క్రిముల లెక్కన చూస్తే రెండోదే శుభ్రమని ఆమెకు చెప్పి చూశాను. నావైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను.

*

అమెరికా వ్యవసాయ శాస్త్రవేత్త ఎఫ్.హెచ్. కింగ్ 1909లో చైనా, కొరియా, జపాన్ తిరిగాడు. ఆయన పుస్తకం 1911లో వచ్చింది. అందులో నన్ను ఆపేసింది ఒక లెక్క. షాంఘైలో తెల్లవారుజామున ఇళ్ళకు పోయి మలం ఎత్తుకునే హక్కును నగరం ఒక చైనా కాంట్రాక్టరుకు అమ్మింది. 78,000 టన్నులకు 31,000 డాలర్లకు పైగా. కాంట్రాక్టరు నగరానికి కట్టాడు, నగరం కాంట్రాక్టరుకు కాదు. అంతకు ముందే జపాన్‌లో, ఒసాకా లాంటి చోట్ల, అద్దె ఇళ్ళలో మలం ఇంటి యజమానిదీ మూత్రం అద్దెకున్నవాళ్ళదీ అని హక్కులు పంచుకున్నారట. దాని కోసం తగవులూ పడ్డారు. తగవు పడ్డారంటే దానికి ధర ఉందన్నమాట.

మన దగ్గర డబ్బు ఎటు నడిచిందో చూడండి. ఎత్తుకుపోయేవాళ్ళకు ఇచ్చింది మిగిలిన అన్నం, పండక్కి పాత బట్ట, మున్సిపాలిటీలు వచ్చాక తక్కువ జీతం. ఎత్తుకుపోయినదానికి విలువ కట్టలేదు, ఎత్తినవాళ్ళకూ కట్టలేదు. జాన్ అగస్టస్ వోల్కర్ అనే రసాయన శాస్త్రవేత్తను 1889లో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడి వ్యవసాయం చూడమని పంపింది. ఏడాదికి పైగా తిరిగి ఆయన రాసిన నివేదిక 1893లో వచ్చింది. ఫరూఖాబాద్‌లో, పూనాలో మలాన్ని బూడిదతో, మట్టితో కలిపి ఎండబెట్టి వాడుతున్నారనీ, పంట బాగా వస్తోందనీ రాశాడు. మిగతా దేశంలో ఇది పాకకపోవడానికి కులపు పట్టింపు అడ్డమనీ రాశాడు. ఆ పట్టింపు లాభం కనిపిస్తే సడలుతుందన్నది ఆ కాలపు అధికారుల్లో చాలామంది నమ్మకం. ఒక విధంగా సడలింది కూడా. పూనా రైతులు ఆ ఎరువు చెరకుకు వేసుకున్నారు. కలిపి ఎండబెట్టిన చేతులు మాత్రం మారలేదు.

*

ఇప్పుడు మా చుట్టుపక్కలకే వస్తాను. వ్యవసాయ డిగ్రీ చదివినవాళ్ళకు, పోటీ పరీక్షలు రాసేవాళ్ళకు కంఠతా వచ్చే జత ఒకటుంది: ఇండోర్ పద్ధతి ఆల్బర్ట్ హోవర్డ్, బెంగళూరు పద్ధతి సి.ఎన్. ఆచార్య. నేనూ ఒకప్పుడు గ్రూప్స్‌కు చదువుతూ బట్టీ పట్టినవాణ్ణే. ఆ రెండో పద్ధతి దేని గురించో అప్పుడు ఏ గైడులోనూ లేదు, లేదా నేను చదవలేదు.

హోవర్డ్ 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో పనిచేశాడు. కింగ్ పుస్తకం ఆయన మీద బాగా పనిచేసింది. పొలంలో మిగిలే ఆకూ కాడా, పేడ, మూత్రం ఇంకిన మట్టి, బూడిద పొరలుగా పేర్చి, తడిపి, కొన్నాళ్ళకొకసారి తిరగేస్తే మూడు నెలల్లో నల్లటి ఎరువు వస్తుందని చూపించాడు. యశ్వంత్ వాద్‌తో కలిసి రాసిన పుస్తకం 1931లో వచ్చింది. (పరీక్షల్లో వాద్ పేరు అడగరు.) 1934లో జాక్సన్ అనే ఆయన, వాద్ కలిసి పేడ స్థానంలో ఊరి మలం పెట్టి అదే పద్ధతి నడుస్తుందని రాశారు. మరుసటేడు గాంధీ హరిజన్ పత్రికలో ఇండోర్ పద్ధతిని ప్రచారం చేశారు.

అయితే ఇండోర్ పద్ధతిలో ఒక చిక్కుంది, తిరగెయ్యాలి. పేడ కుప్పను తిరగెయ్యడం వేరు, ఊరందరి మలం కలిసిన కుప్పను వారం వారం తిరగెయ్యడం వేరు. ఈగలు, వాసన, కూలీలు దొరకకపోవడం. ఇక్కడే బెంగళూరు వస్తుంది. భారతీయ విజ్ఞాన సంస్థలో పనిచేస్తున్న ఆచార్య 1939 ప్రాంతంలో తిరగెయ్యక్కర్లేని పద్ధతి తయారుచేశాడు. సుమారు మూడడుగుల లోతు, అయిదు నుంచి ఎనిమిది అడుగుల వెడల్పు కందకం తవ్వాలి. అడుగున ఊరి చెత్త 15 సెంటీమీటర్లు. దాని మీద మలం 5 సెంటీమీటర్లు. మళ్ళీ చెత్త, మళ్ళీ మలం. నేలకు అడుగు ఎత్తు లేచేదాకా అట్లా పేర్చి, పైన మందంగా చెత్త పరిచి, తవ్విన మట్టితో కప్పెయ్యాలి. వారం లోపలే లోపల వేడి పుడుతుంది. ఆ వేడి రెండు మూడు వారాలు నిలబడి రోగకారక క్రిములను చాలామటుకు చంపుతుంది. ఆ తర్వాత గాలి లేకుండా నెమ్మదిగా మాగుతుంది. నాలుగైదు నెలలకు తెరిస్తే వాసన లేని ఎరువు. యంత్రం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, నీళ్ళూ పెద్దగా అక్కర్లేదు. మెట్ట ప్రాంతానికి ఇంతకంటే ఏం కావాలి? యుద్ధం, 1943 బెంగాల్ కరువు, "ఆహారం ఎక్కువ పండించండి" ఉద్యమం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఆచార్య కేంద్ర ప్రభుత్వంలో ఈ పనికి పెద్ద అయ్యాడు. దేశంలో మున్సిపాలిటీలు ఊరి బయట కంపోస్టు యార్డులు పెట్టాయి. మన మున్సిపాలిటీల్లో చెత్త పారబోసే చోటును ఇప్పటికీ కంపోస్టు యార్డనే అంటారు, అక్కడ కంపోస్టు అన్నది జరక్కపోయినా. ఆ పేరు ఆ కాలంలో వాడుకలో పడినదే.

ఆచార్య పద్ధతిని నేను తక్కువ చెయ్యను. విజ్ఞానశాస్త్రంగా అది అందమైన పని. ఈగనూ వాసననూ క్రిమినీ లెక్కలోకి తీసుకుని ఒక్కొక్కదాన్నీ జయించింది. కానీ ఆ వివరణలో ఒక వాక్యానికి కర్త లేడు. "చెత్త మీద మలం అయిదు సెంటీమీటర్లు పరచాలి." ఎవరు? వైద్య విద్యార్థులు చదివే సామాజిక వైద్యం పాఠ్యపుస్తకాల్లో ఈ కందకాలు ఊరి హద్దుకు కనీసం 800 మీటర్ల అవతల ఉండాలని ఉంటుంది. ఊరి నుంచి ఆ 800 మీటర్లు తట్ట నెత్తిన పెట్టుకునో, బండి తోసుకునో పోయినవాళ్ళు ఎవరో పుస్తకం చెప్పక్కర్లేదు. అందరికీ తెలుసు.

మన ఇళ్ళలో అటువంటి దొడ్డికి పాకీదొడ్డి అని పేరు. వీధి వైపు కాక వెనక సందువైపు ఒక చిన్న తలుపు. పాకీ అన్నది హిందుస్తానీ పాక్ నుంచి వచ్చిందంటారు, పవిత్రం అని అర్థం. మాటను పవిత్రం చేశాం.

*

పుంగనూరు నుంచి నైరుతిగా ములబాగిలు మీదుగా పోతే కోలారు బంగారు గనులు. కుప్పం వైపు నుంచైతే రైల్లో బంగారుపేట దాకా పోయి మారికుప్పం లైను పట్టుకోవాలి. ఆ బంగారపు రాతి పట్టీ కుప్పం దగ్గర చిగరుగుంట, బిసానత్తం దాకా ఉంది. మీలో చాలామందికి కేజీఎఫ్ అంటే యశ్ గుర్తొస్తాడు. నాకు ఈ రెండు వారాల తర్వాత అట్లా గుర్తురావడం మానేశాడు.

జాన్ టేలర్ కంపెనీ 1880లలో అక్కడ తవ్వడం మొదలుపెట్టింది. 1902లో శివనసముద్రం జలపాతం నుంచి కరెంటు తెచ్చి గనులకు ఇచ్చారు, అప్పటికి బెంగళూరు వీధుల్లోనే కరెంటు దీపాలు లేవు. బేతమంగలం చెరువు నుంచి నీళ్ళు తెచ్చారు. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించి లోతు పోయింది. ఇంత చెయ్యగలిగిన చోట కార్మికుల లైన్లలో మరుగుదొడ్లు మాత్రం నీళ్ళు లేనివి, మనిషి ఎత్తాల్సినవి. 1990ల దాకా.

ఎత్తినవాళ్ళు ఎక్కువగా తెలుగువాళ్ళు. ఆ పని చేసేవాళ్ళను అక్కడ తోటి అంటారు. తకళి శివశంకర పిళ్ళై 1947లో రాసిన మలయాళ నవల పేరులోనూ ఆ మాటే. తెలుగులో తోటి అంటే పాతకాలపు గ్రామసేవకుడు కూడా. ఇంకొక తోటి ఉంది మనకు, తోటివాడు, సాటి మనిషి. ఒకే అక్షరాలు.

బెజవాడ విల్సన్ 1966లో ఆ గనుల్లో, అలాంటి కుటుంబంలో పుట్టాడు. ఆంధ్రలో ఒక హాస్టల్లో ఉండి కొంత చదువుకున్నాడు. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో పేరు రాయించుకోడానికి పోతే, ఏ ఉద్యోగం కావాలన్న చోట ఆయన్ను అడగకుండానే పాకీపని అని రాసేశారని ఎన్నోసార్లు చెప్పాడు. ఇంట్లోవాళ్ళు ఏం పని చేస్తారో చాలాకాలం ఆయనకు చెప్పలేదు. తెలిశాక చూడ్డానికి పోయాడు. బకెట్టు గుంతలో పడిపోతే ఒక మనిషి చొక్కా మడిచి చేయి లోపలికి పెట్టి తీస్తున్నాడు. అక్కడే కూర్చుని ఏడ్చానని చెప్తాడు. 1993లో పాకీదొడ్లను నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఆ చట్టం పట్టుకుని గనుల యాజమాన్యానికి ఉత్తరం రాశాడు, నకళ్ళు ఢిల్లీకీ పత్రికలకీ పంపాడు. అప్పుడు గానీ గనుల్లో దొడ్లను నీళ్ళవిగా మార్చి, ఆ పని చేసేవాళ్ళకు వేరే పని ఇవ్వలేదు. ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్, పాల్ దివాకర్‌లతో కలిసి ఆయన సఫాయి కర్మచారీ ఆందోళన్ మొదలుపెట్టాడు. అది వేసిన కేసులోనే 2014 మార్చి 27న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 1993 తర్వాత మురుగుగుంతల్లో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వాలంది. 2016లో విల్సన్‌కు మెగసెసే వచ్చింది.

బంగారు గనులు 2001లో మూతపడ్డాయి.

ఈ బంగారం మాట ఇంకోచోట కూడా తగులుతుంది. గాంధీవాదులు మలపు ఎరువును మరాఠీలో సోన్‌ఖత్ అనేవాళ్ళు, అంటే బంగారు ఎరువు. గాంధీకి ఈ విషయంలో నిజంగా పట్టు ఉంది. ఇంగ్లీషు వైద్యుడు పూర్ రాసింది చదివి, మలాన్ని తొమ్మిది నుంచి పన్నెండు అంగుళాల లోతులోనే పూడ్చాలని, ప్రాణమున్న మట్టి ఆ పొరలోనే ఉంటుందని చెప్పేవాడు. ఆశ్రమంలో తనూ ఎత్తాడు, అందరిచేతా ఎత్తించాడు. అంతకు ఎంతో ముందు డర్బన్‌లో ఒక పంచమ గుమాస్తా మూత్రపు కుండ ఎత్తమని కస్తూరిబాను బలవంతపెట్టి, ఆమె ఏడుస్తుంటే ఇంట్లోంచి నెట్టబోయిన కథ తనే ఆత్మకథలో రాసుకున్నాడు. అంబేడ్కర్ 1945 పుస్తకంలో అడిగింది దీన్నే: పాకీపని గొప్ప సేవ అని పుట్టుకతో ఆ పనిలో పడేసిన మనిషికి చెప్పడం కంటే క్రూరమైన పరిహాసం ఉంటుందా అని. నేను చదివినంతలో ఈ విషయంలో అంబేడ్కర్‌దే పైచెయ్యి. కానీ గాంధీ ఆశ్రమపు నియమంలో ఒక్కటి నాకు వదలబుద్ధి కాలేదు. ఎవరిది వాళ్ళు ఎత్తుకోవాలి. దాన్ని సేవ అనకుండా, పుణ్యం అనకుండా, ఇంటిపనిగా.

*

2017 ఫిబ్రవరి 18న వరంగల్ దగ్గర గంగదేవిపల్లిలో ఒక విచిత్రం జరిగింది. కేంద్ర తాగునీటి, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్, 23 రాష్ట్రాల అధికారులు చూస్తుండగా, జంట గుంతల మరుగుదొడ్డిలో మాగిన గుంతలోకి దిగి ఎరువు ఎత్తాడు. వారం తర్వాత ప్రధాని మన్ కీ బాత్‌లో దాన్ని ప్రస్తావించాడు. ఆ ఫోటోలు చూసి అప్పుడు మేం స్నేహితులం నవ్వుకున్నాం, ఇదొక షో అని. షోనే. కానీ ఆ షో ఎందుకు అవసరమైందో ఆలోచించండి. మట్టిని చేత్తో ఎత్తడానికి ఒక ఐఏఎస్ అధికారి కావాల్సి వచ్చింది. రైతు ఇంటి దిబ్బలో పేడ ఎరువు ఎత్తితే ఎవరూ ఫోటో తియ్యరు.

సైన్సు ఇక్కడ తేల్చి చెప్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 మార్గదర్శకాల ప్రకారం కుప్పలో 50 డిగ్రీలకు మించిన వేడి కనీసం వారం ఉండాలి. లేదా మనలాంటి వేడి ప్రాంతంలో కొత్తది కలపకుండా కనీసం ఏడాది వదిలెయ్యాలి. మా మామ గుంతకు మూడేళ్ళు. ఆ పైన కొంచెం జాగ్రత్త, అంతే: చేతికి గ్లవుజులు, మొక్క మొదట్లో వేసి పైన మట్టి కప్పడం, పచ్చిగా తినే ఆకులకు వాడకపోవడం.

చట్టం కూడా చెప్తుంది. ఇది నాకు పెద్ద ఆశ్చర్యం. 2013 నాటి చట్టం పాకీపనిని నిర్వచించేటప్పుడు, మలం పూర్తిగా కుళ్ళి మారకముందు దాన్ని మనిషిచేత ఎత్తించడం అని గీత గీసింది. పూర్తిగా మారాక అది ఆ నిర్వచనంలోకి రాదు. అంటే చట్టం లెక్కలో మా గుంతలో ఉన్నది మట్టి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో మట్టి. "మట్టే" అని మా మామా ఒప్పుకున్నాడు. అయినా దాన్ని ఎత్తడానికి టౌన్లో ఉన్న ఆ ఒక్క మనిషే కావాలి.

ఇది మా ఇంటి చాదస్తమే అనుకోకండి. నేనుండే బెంగళూరు అపార్ట్‌మెంట్ల గుంతలు తోడే లారీలను హనీ సక్కర్లు అంటారు. అవి ఊరి బయట అరటి, కొబ్బరి తోటల్లో వదిలేసి వస్తే రైతులు గుంతలు తీసి ఎండబెట్టి వాడుకున్నారు. ఆచార్య కందకం మళ్ళీ వచ్చింది, పాఠ్యపుస్తకం లేకుండా, కొలతలు లేకుండా. 2015లో దేవనహళ్ళిలో ఈ బురదను శుద్ధి చేసే కేంద్రం పెట్టారు, అక్కడ ఊరి తడిచెత్తతో కలిపి మాగబెడతారు. మంచి పనే. నేను తినే అరటిపండు ఏ ఎరువుతో పెరిగిందో నాకు తెలీదు, తెలుసుకోవాలనీ ఎప్పుడూ అనిపించలేదు. తెలియనంతకాలం ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

*

శుక్రవారం రాత్రి బస్సెక్కాను. తెల్లారి ఇంటికి పోయేసరికి మామ అప్పటికే ఆ మనిషిని పిలిపించేశాడు. యాభై దాటిన మనిషి, గేటు బయట టీవీఎస్ మీద కూర్చుని ఉన్నాడు.

"అన్నా, నేనే ఎత్తుకుంటా. మీకు శ్రమ అయింది" అన్నాను.

ఆయన నన్నూ నా చేతిలో ఉన్న ఆన్‌లైన్లో కొన్న గ్లవుజులనూ చూసి, "మూత యెట్ల తెరవల్లో తెలుసా సామీ?" అన్నాడు. తెలీదు. గడ్డపార ఎక్కడ పెట్టాలో చెప్పాడు. మూత పక్కకు జరిపాక కాసేపు అట్లే వదలమన్నాడు, వెంటనే వంగి చూడొద్దన్నాడు. మా మామ దూరంగా నిలబడినవాడు కొంచెంసేపటికి లుంగీ ఎగ్గట్టి ఇంకో పార తెచ్చాడు.

పైన ఎండి బీటలు వారింది. పారతో పొడిస్తే పొడిపొడిగా రాలింది. వానాకాలం అడవిలో వచ్చే వాసన. నిజం చెప్పాలంటే మొదటి తట్ట ఎత్తేటప్పుడు ఊపిరి బిగపట్టాను. ఎనిమిదో తట్టకు మర్చిపోయాను.

ఆయన అరటి నీడన కూర్చుని చూస్తా ఉన్నాడు. మాటల్లో, వాళ్ళమ్మ కోలారు ఫీల్డులో పనిచేసిందని చెప్పాడు. ఏం పని అని నేను అడగలేదు. "ఆమె యెత్తింది ఇట్ల మట్టి గాదు సామీ" అన్నాడు. "ఇట్లుంటే నేను ఇస్కూలుకు పోయుందును."

అవ్వ కాఫీ తెచ్చింది. ఆయనకు కాయితం గ్లాసులో. మామకు స్టీలు లోటాలో, దూరం నుంచే గట్టు మీద పెట్టి. నాకు కూడా కాయితం గ్లాసులోనే. గుంతలోకి దిగింది నేనే కదా మరి.

ఆయన నా గ్లాసు చూసి, తన గ్లాసు చూసుకుని, గట్టిగా నవ్వాడు. అవ్వకు అర్థం కాలేదు. "స్నానం చేసినాక గానీ లోపలికి రావద్దు నాయినా" అని చెప్పి పోయింది.

ఎరువు కరివేపాకుకు వద్దంది, పూజకు కోసే పూలమొక్కలకు అసలే వద్దంది. అరటికీ కాకర పందిరికీ ఒప్పుకుంది. నాలుగు బోదెల చుట్టూ పాదులు తీసి వేసి పైన మట్టి కప్పాం. ఇంకా రెండు గోనెసంచులు మిగిలింది. మామ తొట్టిలో ఇటుక జరిపి దారి మళ్ళీ మొదటి గుంతకు తిప్పాడు.

పోయేటప్పుడు ఆయనకు మామ అయిదొందలు ఇచ్చాడు. పని చెయ్యలేదు కదా అని ఆయన మొహమాటపడలేదు. రోజు పోయింది మరి. ఆ తర్వాత గోడకు ఆనించిన సంచుల వైపు చూపించి ఒకటి కావాలన్నాడు.

"యేం జేస్తావప్పా?" అన్నాడు మామ.

"ఇంటి ముందర సొరపాదు ఉండాది."

ఇద్దరం కలిసి సంచి ఎత్తి టీవీఎస్ మీద ఆయన కాళ్ళ దగ్గర పెట్టాం.